మణికట్టు మీద ఓ కనుమ

అరచేయి పైకి తిప్పి పెట్టండి. మణికట్టు దగ్గర, గాజులు ఆగేచోట అడ్డంగా ఓ గీత కనిపిస్తుంది. దానికి ఆనించి రెండో చేతి మూడు వేళ్లు... చూపుడువేలు, నడిమివేలు, ఉంగరపువేలు... పక్కపక్కన పరచండి. మూడో వేలు ఎక్కడ ఆగిందో చూడండి. పిడికిలి కాస్త బిగిస్తే అక్కడ రెండు తాళ్లు పైకి తేలతాయి. మనం వాటిని నరాలంటాం గానీ, అవి కండరాల్ని ఎముకలకు కట్టే తాళ్లు. ఆ రెంటి నడుమ సందులో బొటనవేలితో గట్టిగా నొక్కండి. లాగినట్టు, కొంచెం తిమ్మిరెక్కినట్టు ఉందా? అయితే మీరు సరైన చోటే ఉన్నారు.

చైనా వైద్యులు ఆ చోటును 'నెయ్‌గ్వాన్' అంటారు. నెయ్ అంటే లోపలి. గ్వాన్ అంటే...

ఇక్కడే చిక్కు. చాలా ఇంగ్లిషు పుస్తకాలు దాన్ని 'గేటు' అని రాసి చేతులు దులిపేసుకున్నాయి. మన దగ్గర ఆక్యుపంక్చర్ క్లినిక్కుల గోడల మీద వేలాడే పటాల్లోనూ అదే మాట. కానీ గ్వాన్ అంటే ఇంటి గేటు కాదు. రెండు కొండల మధ్య ఇరుకు దారికి అడ్డంగా కోట కట్టి, సైన్యాన్ని పెట్టి, వచ్చేపోయే వాళ్లని ఆపి అడిగే చోటు. మన మాటల్లో చెప్పాలంటే కనుమ దగ్గరి కోటవాకిలి. ఇప్పటికీ చైనాలో కస్టమ్స్ శాఖను 'సముద్రపు గ్వాన్' అనే పిలుస్తారు. తలుపు మూయడాన్నీ, లైటు ఆర్పడాన్నీ గ్వాన్ అనే అంటారు. దాని పక్కన గుండె అనే అక్షరం చేరిస్తే 'గ్వాన్‌షిన్'... ఒకరి గురించి పట్టించుకోవడం, బెంగపడటం.

ఒక్క మాటలో ఇన్ని ఉన్నాయి కాబట్టి, ముందు అసలు గ్వాన్ ఎలా ఉంటుందో చూద్దామనిపించింది. బీజింగ్ వెళ్లినప్పుడు అందరూ వెళ్లే బాదాలింగ్ గోడ వదిలేసి, దానికంటే ముందే వచ్చే జుయోంగ్‌గ్వాన్ దగ్గర దిగడానికి కారణం అదే.

కొండల మధ్య ఇరుకు దారి

బీజింగ్ నుంచి వాయవ్యంగా 50 కిలోమీటర్ల పైచిలుకు. నగరం చాలాసేపు వదలదు. అపార్టుమెంట్లు, ఫ్లైఓవర్లు, మళ్లీ అపార్టుమెంట్లు. అంతా బల్లపరుపు నేల. ఉన్నట్టుండి ఎదురుగా కొండలు గోడలా లేస్తాయి. వాటిలో ఒకచోట చీలిక. అదే గ్వాన్‌గౌ... అంటే కనుమ లోయ. పొడవు సుమారు 20 కిలోమీటర్లు. ఉత్తరాన మంగోలియా గడ్డిమైదానాల వైపు నుంచి బీజింగ్ మైదానంలోకి దిగాలంటే ఇది దగ్గరి దారి. వ్యాపారి ఒంటెలకైనా, దండెత్తే గుర్రాలకైనా.

మా అద్దె వ్యాను లోయలోకి మళ్లిందో లేదో నాకు కడుపులో తిప్పడం మొదలైంది. శ్రీశైలం ఘాటురోడ్డు ఎక్కినవాళ్లకి ఆ బాధ చెప్పక్కర్లేదు. నిమ్మకాయ వాసన చూడటం మన పద్ధతి. దుబాసీగా వచ్చిన అమ్మాయి నా ముఖం చూసి, ఏమీ అడక్కుండా నా చేయి తన ఒళ్లోకి లాక్కుని మణికట్టు పైన బొటనవేలు దించింది. "మా అమ్మమ్మ బస్సెక్కితే రెండు చేతులూ మార్చి మార్చి నొక్కుకుంటుంది" అంది. వాంతి కాలేదు. నొక్కడం వల్లో, ఇంకో పది నిమిషాల్లో బండి ఆగడం వల్లో చెప్పలేను. ఆమె నవ్వి, "నెయ్‌గ్వాన్ పట్టుకుని జుయోంగ్‌గ్వాన్ చేరారు" అంది.

దిగగానే అర్థమయ్యేదేమిటంటే, ఇక్కడ గోడ ఒక గీతలా సాగిపోదు. లోయ అడుగున కోట. అక్కడినుంచి గోడ రెండువైపులా కొండలెక్కి, చుట్టుతిరిగి, లోయను ఉంగరంలా బిగించి పట్టుకుంటుంది. మెట్లు నిలువుగా ఉంటాయి. కొన్ని జానెడు ఎత్తు, కొన్ని మోకాలెత్తు. ఇప్పుడు కనిపించే కోట చాలావరకు 1990లలో బాగుచేసింది. మింగ్ వంశం అధికారంలోకి వచ్చిన 1368లో షూ దా అనే సేనాని దీన్ని మళ్లీ కట్టించాడు. అంతకు వెయ్యేళ్ల ముందునుంచే ఇక్కడ కాపలా ఉండేది.

మింగ్ కాలంలో రాజధానికి దగ్గరగా ఉన్న మూడు కనుమల్ని 'లోపలి మూడు గ్వాన్‌లు' అనేవారు. జుయోంగ్ వాటిలో మొదటిది. తక్కినవి జిజింగ్, దావ్‌మా. ఇంకా పడమరగా, షాన్షీ కొండల్లో ఉన్న యన్‌మెన్, నింగ్‌వు, పియన్‌తౌ 'బయటి మూడు గ్వాన్‌లు'. ఒంటిమీదా అంతే! మణికట్టు లోపలివైపు నెయ్‌గ్వాన్ ఉంటే, సరిగ్గా దాని వెనుక, చేతి గడియారం పట్టీకి పైన 'వాయ్‌గ్వాన్' అనే మరో బిందువుంది. వాయ్ అంటే బయటి. జలుబు, జ్వరం లాంటి బయటినుంచి వచ్చే శత్రువులకు వాయ్‌గ్వాన్. లోపల పుట్టే అలజడికి నెయ్‌గ్వాన్. కొందరు వైద్యులు ఒకే సూదిని ఇటు గుచ్చి అటు వాయ్‌గ్వాన్ దాకా పోనిస్తారు. వినడానికే ఒళ్లు జలదరిస్తుంది.

కనుమ ఎంత గట్టిదైనా దాని చరిత్రంతా ఓటముల జాబితాలా ఉంటుంది. 1211-13 మధ్య చెంగిజ్‌ఖాన్ సేనలు దీన్ని రెండుసార్లు దాటాయి. ఓసారి ఓడి పారిపోతున్నట్టు నటించి కాపలావాళ్లని బయటికి రప్పించి. ఇంకోసారి వేరే కనుమ గుండా చుట్టుతిరిగి, లోపలివైపు నుంచి వచ్చి. ఇక 1644లో తిరుగుబాటు నాయకుడు లీ జిచెంగ్ ఇక్కడికొచ్చేసరికి యుద్ధమే జరగలేదు. కోట కాచేవాళ్లు లొంగిపోయి తలుపులు తీశారు. కొద్దిరోజులకే బీజింగ్ పడిపోయింది. చక్రవర్తి చోంగ్‌జెన్ తన కోట వెనకున్న గుట్ట మీద ఉరేసుకున్నాడు.

మకర తోరణం, గరుత్మంతుడు

గోడెక్కే హడావిడిలో చాలామంది పట్టించుకోకుండా దాటిపోయేది లోయ మధ్యలో ఉన్న పాలరాతి కట్టడాన్ని. పేరు యున్‌తాయ్... మేఘాల వేదిక. మంగోలుల యువాన్ వంశం 1342-45 మధ్య కట్టించింది. ఒకప్పుడు దానిమీద మూడు తెల్లని స్తూపాలుండేవి. అవి పోయాయి. వేదిక, దాని కింద సొరంగంలాంటి దారి మిగిలాయి. వందల ఏళ్లు బళ్లు, గుర్రాలు, ఒంటెలు ఆ దారిలోంచే నడిచాయి.

తెలుగువాళ్లు ఆ ద్వారం ముందు ఒక్క నిమిషం ఆగాల్సిందే. తల పైకెత్తితే తోరణం నడినెత్తిన రెక్కలు విప్పిన గరుత్మంతుడు. ఇరుపక్కలా నాగులు. కింద మకరాలు. మన గుళ్లలో మూలవిరాట్టు వెనక ఇత్తడి మకర తోరణం చూసి పెరిగిన కంటికి, మంగోలియా దారిలో, మైనస్ డిగ్రీల చలి కాచే కొండల్లో అది కనిపిస్తే ఏమనిపిస్తుందో మీరే ఊహించుకోండి. లోపలి గోడల మీద నలుగురు దిక్పాలకులు. కోరలు, కత్తులు, ఉరిమే కళ్లు. వాళ్ల మధ్య ఆరు లిపుల్లో చెక్కిన బౌద్ధ ధారణులు... అంటే రక్షామంత్రాలు. ఆ ఆరింటిలో ఒకటి మన సంస్కృతం, లాంజా లిపిలో. మిగిలినవి టిబెటన్, ఫగ్స్‌పా, ఉయ్‌గుర్, తాంగుత్, చైనీస్. తాంగుత్ లిపి చదివేవాళ్లు తర్వాత లేకుండా పోయారు. ఆ భాషను మళ్లీ కూడబలుక్కోవడానికి పండితులకు ఈ గోడ కూడా ఉపయోగపడింది.

సైనికులు కాచే కనుమలో మంత్రాలెందుకు? కనుమ దాటేవాడి ఒంటికే కాదు, మనసుకీ కాపలా కావాలని అనుకున్నారేమో. ఇది నా ఊహే. కానీ నెయ్‌గ్వాన్ గురించి చైనా వైద్యులు చెప్పేది వింటే, ఆ ఊహ మరీ తప్పుకాదనిపిస్తుంది.

కొలను నుంచి వేలికొస దాకా

చైనా వైద్యంలో శరీరం ఒక దేశం. నదులు, సముద్రాలు, లోయలు, కోటలు, ధాన్యాగారాలు అన్నీ ఉంటాయి. 'చీ' అనే ప్రాణశక్తి దారుల్లో ప్రవహిస్తుందని వాళ్ల నమ్మకం. ముఖ్యమైన దారులు పన్నెండు. ఇంకో రెంటిని కలుపుకుని వాటిమీద ఇప్పుడు లెక్కలో ఉన్న బిందువులు 361. ప్రపంచ ఆరోగ్యసంస్థ పశ్చిమ పసిఫిక్ విభాగం 2008లో వాటి చోట్లను ఖాయంచేస్తూ ఓ పుస్తకమే వేసింది.

నెయ్‌గ్వాన్ ఉన్న దారి చిన్నది. తొమ్మిదే మజిలీలు. ఛాతీ మీద 'ఆకాశపు కొలను' దగ్గర బయల్దేరి, భుజం కింద 'ఆకాశపు ఊట' మీదుగా మోచేతి మడతలో 'వంపు తిరిగిన మడుగు'కు దిగుతుంది. అక్కణ్నుంచి ముంజేయి. 'చీలిక ద్వారం', 'నడుమనున్న దూత', ఆ తర్వాత మన 'లోపలి కనుమ'. మణికట్టు గీత మీద 'పెద్ద దిబ్బ'. అరచేతి మధ్యలో 'శ్రమ సౌధం'... పనిచేసే చేతికి ఎంత చక్కని పేరు! చివరకు నడిమివేలి కొస. ఈ పేర్లు పెట్టినవాడు ఎవడో గానీ, కాలినడకన దేశం తిరిగినవాడై ఉండాలి.

కొలతకు స్కేలు అక్కర్లేదు. రోగి బొటనవేలి వెడల్పు ఒక త్సున్. నాలుగు వేళ్లు కలిపితే మూడు త్సున్‌లు. నెయ్‌గ్వాన్ మణికట్టు గీతకు రెండు త్సున్‌ల పైన. పసివాడికి పసివాడి వేలే కొలత, పహిల్వానుకు పహిల్వానుదే. మన ఆయుర్వేదంలోనూ ఎవరి అంగుళం వాళ్లదే కదా.

ఇంతకీ ఈ దారి ఎవరిది? గుండెది కాదు. గుండె చుట్టూ ఉండే సంచిది. డాక్టర్లు పెరికార్డియం అంటారు. చైనాలో 'షిన్‌బావ్'... గుండె మూట.

దీనికో కథ ఉంది. చాంగ్షా నగరం దగ్గర మావాంగ్‌దుయ్‌లో 1970లలో తవ్విన సమాధుల్లో పట్టుగుడ్డల మీద రాసిన వైద్యగ్రంథాలు దొరికాయి. ఆ సమాధిని క్రీ.పూ. 168లో మూశారు. వాటిలో దారులు పదకొండే! లేనిది సరిగ్గా ఈ గుండె మూట దారే. తర్వాత వచ్చిన 'హువాంగ్‌ది నెయ్‌జింగ్' గ్రంథంలో పన్నెండోది చేరింది. నెయ్‌గ్వాన్ పేరు, రెండు తాళ్ల మధ్య అన్న గుర్తుతో సహా అందులో ఉంది. గుండె నొప్పికి దాన్ని చూడమనీ ఉంది.

ఎందుకు చేర్చారు? ఆ గ్రంథం ప్రకారం గుండె చక్రవర్తి. చక్రవర్తికి దెబ్బ తగలకూడదు. తగిలితే మనిషే ఉండడు. అందుకని గుండె మీదికి వచ్చే ఏ చెడునైనా ముందు ఆ మూట కాచుకోవాలి. అది రాజుగారి అంగరక్షకుడూ, రాయబారీ కూడా. రాజు మనసులోని సంతోషం బయటికి వచ్చేది అతని చేతుల మీదుగానే. అంటే లోపలికి దుఃఖాన్ని రానీయకుండా ఆపేవాడూ, లోపలి నవ్వును బయటికి పంపేవాడూ ఒక్కడే. పొద్దస్తమానం తలుపులు బిగించి కూర్చుంటే దుఃఖం రాదు, నిజమే. నవ్వూ పోదు.

గుండె బరువెక్కడం అంటే...

నెయ్‌గ్వాన్ వాడే రోగాల పట్టీ చూస్తే మొదట గందరగోళంగా ఉంటుంది. వికారం, వాంతులు, ఎక్కిళ్లు, కడుపు ఉబ్బరం. ఛాతీ పట్టేయడం, గుండెదడ. నిద్ర పట్టకపోవడం, పీడకలలు, దిగులు, ఊరికే ఉలిక్కిపడటం. కడుపుకీ, గుండెకీ, కలకీ ఒకటే మందా? వైద్య విద్యార్థులు మన వేమన పద్యాల్లా కంఠస్థం చేసే సూత్రాల్లో ఈ బిందువుకు కట్టబెట్టిన పని కడుపు, గుండె, ఛాతీ మూడూ కలిపి.

అయినా మనకి అంత వింతేం కాదు. బిడ్డ పోతే అది కడుపుకోత. చెడువార్త వింటే గుండెల్లో రాయి పడుతుంది. భయమేస్తే గుండె జారుతుంది. జాలేస్తే కడుపు తరుక్కుపోతుంది. ఇష్టంలేని మనిషిని చూస్తే కడుపులో దేవినట్టుంటుంది. బాధను ఒంట్లో ఎక్కడ దాచుకోవాలో తెలుగువాడికి ఎవరూ నేర్పలేదు. చైనా వైద్యుడు ఆ చోట్లకి దారి గీసి, కాపలా పెట్టి, పేరు పెట్టాడు. అంతే తేడా. దిగులు మనసుదా, ఒంటిదా అని అతను అడగడు. ఛాతీ బిగుసుకుందా, వదులైందా అని అడుగుతాడు.

దీని రెండో వైపూ చెప్పుకోవాలి. 1980లో అమెరికన్ మానసిక వైద్యుడు ఆర్థర్ క్లైన్‌మన్ అదే చాంగ్షాలో, 'నరాల బలహీనత' అని చీటీ రాయించుకున్న వందమందిని పరీక్షించాడు. వాళ్లు చెప్పిందంతా తలనొప్పి, నిద్రలేమి, నీరసం లాంటి ఒంటి బాధలే. ఆయన లెక్కన వందలో 87 మందికి ఉన్నది తీవ్రమైన డిప్రెషన్. సాంస్కృతిక విప్లవంలో చితికిపోయిన బతుకులు చాలా వాటిలో ఉన్నాయి. నోరు విప్పి చెప్పుకోలేని కాలంలో ఒళ్లే చెప్పుకుంది. నరాల బలహీనత అనే బోర్డులు మన ఊళ్ల బస్టాండు గోడల మీదా చూస్తూనే ఉన్నాం. వాటి వెనక ఎన్ని దిగుళ్లున్నాయో ఎవరూ లెక్క తీయలేదు.

పాశ్చాత్య దేశాల్లో అచ్చయిన కొన్ని పుస్తకాలు మాత్రం నెయ్‌గ్వాన్‌ను ప్రేమ, పాత గాయాలు, నమ్మకద్రోహం అంటూ ఓ నవలలా విప్పుతాయి. చదవడానికి బాగుంటాయి. కానీ పాత చైనా గ్రంథాల్లో అంత వర్ణన ఉండదు. ఛాతీని వదులుచేస్తుంది, మనసును కుదుటపరుస్తుంది... రెండు ముక్కల్లో ముగుస్తుంది. నాకైతే ఆ పొదుపే నచ్చింది.

మరి పనిచేస్తుందా?

వికారం విషయంలో జవాబు ఆశ్చర్యంగా ఉంటుంది. ఉత్తర ఐర్లండ్‌లోని బెల్‌ఫాస్ట్‌లో జాన్ డండీ అనే మత్తుమందు ప్రొఫెసర్ 1986లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో ఓ వ్యాసం రాశాడు. ఆపరేషన్ చేయించుకునే ఆడవాళ్లకి ఈ బిందువు దగ్గర సూది గుచ్చితే తర్వాత వాంతులు తగ్గాయన్నది దాని సారం. 1991లో ఆయన బృందమే ఇంకో తమాషా సంగతి బయటపెట్టింది. ఆ చోట ముందుగా తిమ్మిరి ఇంజెక్షన్ ఇస్తే సూది పనిచేయడం మానేసింది! చీ ప్రవాహం సంగతేమో గానీ, నాడికి పాత్ర ఉందన్నమాట. నెయ్‌గ్వాన్ కిందే చేతిలోని ముఖ్యమైన మీడియన్ నాడి పోతుంది మరి.

ఆ తర్వాత దేశదేశాల్లో పరీక్షలు జరిగాయి. వైద్య పరిశోధనల్ని జల్లెడపట్టే కాక్రేన్ సంస్థ 2015లో 59 పరీక్షలు, 7,667 మంది రోగుల వివరాలు ఒకచోట పెట్టి చూసింది. ఆపరేషన్ తర్వాతి వికారం, వాంతుల మీద ఈ బిందువు ఉత్తుత్తి చికిత్స కంటే మెరుగ్గా ఉంది. వాంతి మందులతో పోలిస్తే పెద్ద తేడా లేదు. అయితే ఆ పరీక్షల్లో చాలావాటి నాణ్యత అంతంతమాత్రమేనని కూడా వాళ్లే రాశారు. ప్రయాణాల కోసం గుండీ ఉన్న మణికట్టు పట్టీలు అమ్మేది ఈ బిందువు కోసమే. వేవిళ్ల మీద ఫలితాలు మాత్రం ఒకదానికొకటి పొసగవు.

గుండె మీద 2019లో చైనాలో జరిగిన ఓ పరీక్ష అమెరికా వైద్య పత్రికలో వచ్చింది. నిలకడగా ఉన్న గుండెనొప్పి రోగులు 404 మంది. మామూలు మందులు వాడుతూనే నెయ్‌గ్వాన్, ఇంకో బిందువు దగ్గర సూదులు వేయించుకున్నవాళ్లకి నొప్పి వచ్చే సార్లు తగ్గాయి. మందులు వాడుతూనే... ఈ రెండు మాటల కింద గీత గీసుకోండి.

ఎందుకంటే మా పిన్ని సంగతి చెప్పాలి. బాబాయి పోయిన ఏడాది ఆమెకి ఛాతీ మీద బండ పెట్టినట్టు ఉండేది. ఈసీజీ, ఎకో అన్నీ తీశారు. గుండె బాగుందన్నారు. ఎవరో చెబితే చేతులు నొక్కే ఓ ఆయన దగ్గరికి వెళ్లింది. వారానికి రెండుసార్లు, పది నిమిషాలు మణికట్టు పట్టుకునేవాడు. పిన్నికి నిద్రపట్టింది. "అంతసేపు నా చేయి పట్టుకుని కూర్చున్నవాళ్లెవరూ లేరే" అంది నాతో. అది నిజం. మేమంతా పరామర్శించి పళ్లు పెట్టి వచ్చేసినవాళ్లమే. నాలుగో వారం ఆయన బీపీ మాత్రలు మానేయమన్నాడు. లోపలి శక్తికి అడ్డమట. పిన్ని మానేసింది. పది రోజులకి వంటింట్లో కళ్లు తిరిగి పడిపోయింది. ఆస్పత్రిలో చూస్తే బీపీ రెండు వందలు దాటింది. దేవుడి దయవల్ల ఇంకేం జరగలేదు. ఇప్పుడు మాత్రలు వేసుకుంటోంది. రాత్రి పడుకునే ముందు మణికట్టు కూడా నొక్కుకుంటోంది. రెంటికీ పేచీ లేదు.

కాబట్టి ఛాతీలో నొప్పి, చెమటలు, ఎడమచేతి లాగుడు, దవడ దాకా పాకే బిగువు... వీటిలో ఏది కొత్తగా వచ్చినా మణికట్టు వెతుక్కుంటూ కూర్చోకండి. ముందు ఆస్పత్రి. బీజింగ్‌లో నేను కలిసిన వైద్యురాలు కూడా అక్షరాలా అదే అన్నారు.

మనవాళ్లు వెళ్లిన దారి

మన దేశానికి ఈ సూదులు వచ్చిన తోవ కూడా యుద్ధాల తోవే. జపాన్ దాడిలో ఉన్న చైనాకు 1938లో కాంగ్రెస్ ఐదుగురు డాక్టర్లను పంపింది. శాంతారాం సినిమా పుణ్యమా అని మనకందరికీ తెలిసిన షోలాపూర్ డాక్టర్ కోట్నీస్ వాళ్లలో ఒకరు. ఆయన 1942లో అక్కడే కన్నుమూశారు. సమాధి షిజియజువాంగ్‌లో ఉంది. అదే బృందంలోని కలకత్తా డాక్టర్ బిజయ్‌కుమార్ బసు తిరిగొచ్చి, 1958లో మళ్లీ చైనా వెళ్లినప్పుడు ఆక్యుపంక్చర్ నేర్చుకున్నారు. 1959 నుంచి కలకత్తాలో వైద్యం చేశారు. ఇవాళ హైదరాబాదులో, విజయవాడలో కనిపించే సూదుల బోర్డులకు మూలం వెతుక్కుంటూ పోతే ఆ పాత దారి తగులుతుంది. 2019లో కేంద్రం దీన్ని విడి వైద్యపద్ధతిగా గుర్తించింది. అయినా సూది పట్టుకున్నవాడి చదువేమిటో అడిగి తెలుసుకోవడం మన పనే.

బీజింగ్‌లో చివరిరోజు ఓ ఆస్పత్రి ఆక్యుపంక్చర్ విభాగంలో గంటన్నర కూర్చోనిచ్చారు. పొడవాటి గది. తెరలు కట్టిన మంచాలు. గాల్లో మాచిపత్రి కాల్చిన వాసన. సూదులు వెంట్రుకంత సన్నం, ఒకసారి వాడి పారేసేవి. వైద్యురాలు ఒక్కో మంచం దగ్గర సూది దించి, వేళ్లతో మెలితిప్పి ఆగుతుంది. రోగి ముఖంలోకి చూస్తుంది. "లాగుతోందా? ఉబ్బినట్టుందా? తిమ్మిరా? బరువా?" ఈ నాలుగింటిలో ఏదో ఒకటి అనాలి. అంటేనే 'చీ' తగిలినట్టు. చురుక్కుమంటే మాత్రం వెంటనే వెనక్కి లాగేస్తుంది.

కిటికీ పక్క మంచం మీద డెబ్భై దాటిన పెద్దావిడ. ఆర్నెల్లుగా నిద్ర లేదట. కొడుకు కెనడాలో ఉన్నాడని మాత్రం దుబాసీ అమ్మాయి నాకు మెల్లగా చెప్పింది. సూదులు వేసిన పావుగంటకు ఆవిడ సన్నగా గురక పెట్టింది. టైమైంది. నర్సు వచ్చి చప్పుడు కాకుండా ఒక్కో సూదీ తీసి పళ్లెంలో వేస్తూ పెదాలతో లెక్కపెట్టింది. చీటీలో పదకొండు. పళ్లెంలో పది. కాళ్లు చూసింది, నెత్తి చూసింది. ఆవిడ ఎడమచేతి మీద జారిన స్వెట్టర్ చేతిని కాస్త పైకి మడిచింది. మణికట్టుకు మూడు వేళ్ల పైన, పదకొండోది ఇంకా అక్కడే ఉంది.